పాత పెట్రోలు బండికి ప్లగ్ వైర్లు దారి తప్పకుండా వేయడం

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు లోడు మీద కుదుపులిచ్చే పెట్రోలు బండి, జయపురం వైపు చదును రోడ్డు మీద పడగానే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. అలాంటి బండిని షెడ్డుకు తీసుకెళితే చాలాచోట్ల ముందు కార్బురేటర్ విప్పుతారు. తగ్గకపోతే ప్లగ్గులు మారుస్తారు, తర్వాత ఎక్కువ వోల్టేజి పుట్టించే కాయిల్ మారుస్తారు. కాయిల్ కరెంటును ఒక్కో ప్లగ్గుకు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ (దాని మూత) నుంచి ప్లగ్గుల దాకా వైర్లు ఎలా వెళ్తున్నాయో చూసేవాళ్లు తక్కువ. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరుస, సరిగానే ఉంటుంది, వైర్లూ కొత్తవే అయి ఉంటాయి. కానీ చూడ్డానికి నీటుగా ఉంటుందని అన్నింటినీ ఒక కట్టగా టేపు చుట్టి, కాలిన పొగ బయటికి పోయే వేడి మానిఫోల్డ్ పక్కనుంచి లాగేసి ఉంటారు. లోపం అక్కడే ఉంటుంది.

ఏ వైరు ఏ ప్లగ్గుకు వెళ్లాలన్నది సగం పనే. అది ఏ దారిన వెళ్లాలి, దేనికి దూరంగా ఉండాలి, ఏ వైరు పక్కన ఏ వైరు నడవకూడదు అన్నది మిగతా సగం. లోడు మీద, వానలో, వేడిలో బండిని ఇబ్బంది పెట్టేది ఈ రెండో సగమే.

ఇక్కడ చెప్పేది రెండు రకాల ఇంజన్లను దృష్టిలో పెట్టుకుని. ఒకటి, పాత మహీంద్రా జీపుల్లోనూ క్యాబిన్ ముందుకు ఉండే ఎఫ్‌సీ లైట్ ట్రక్కుల్లోనూ వచ్చిన విల్లీస్ హరికేన్ నాలుగు సిలిండర్ల ఇంజను. రెండోది, జబల్‌పూర్‌లో తయారై ఆర్మీ వేలాల ద్వారా బయటికొచ్చిన జోంగా, నిస్సాన్ ఒక టన్ను బళ్లలోని ఆరు సిలిండర్ల ఇంజను. వేరే ఇంజనైనా పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మారతాయి. డీజిల్ ఇంజన్ ఎక్కించుకున్న జీపులకు ప్లగ్ వైర్లే ఉండవు కాబట్టి వాటి ఊసు ఇక్కడ లేదు.

ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి

సిలిండర్ల నంబర్లు, ఫైరింగ్ ఆర్డర్, క్యాప్ లోపల తిరుగుతూ ఒక్కో ప్లగ్ వైరుకు కరెంటు అందించే రోటర్ తిరిగే దిక్కు. ఈ మూడూ తెలియకుండా వైరు ముట్టుకోవద్దు.

ఈ రెండు ఇంజన్లలోనూ రేడియేటర్ వైపున్నది ఒకటో సిలిండర్. అక్కడినుంచి వెనక్కి వరుసగా లెక్కపెట్టుకోవాలి. హరికేన్ నాలుగు సిలిండర్ల ఇంజనుకు ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. జోంగా, నిస్సాన్ ఆరు సిలిండర్లకు 1-5-3-6-2-4.

ఎక్కువమంది తప్పు చేసేది మూడోదాని దగ్గర. హరికేన్ ఇంజనులో పైనుంచి చూస్తే రోటర్ గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అయినా పుస్తకంలో ఉందని, పక్కవాడి బండిలో అలా ఉందని నమ్మి వైర్లు వేయకూడదు. నలభై ఏళ్ల బండిలో డిస్ట్రిబ్యూటర్ దాని పుట్టుకతో వచ్చిందే అన్న గ్యారంటీ లేదు. తేల్చుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది: క్యాప్ తీసి, బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఇగ్నిషన్ ఆపి, స్టార్టింగ్ హ్యాండిల్‌తో ఇంజన్ తిప్పుతూ రోటర్‌ను చూడటం. ప్లగ్గులన్నీ ఊడదీస్తే ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. రెండోది ఇంకా సులువు. రోటర్‌ను రెండు వేళ్లతో పట్టుకుని ఇటూ అటూ మెలిపెట్టండి. ఒక వైపు గట్టిగా ఆగిపోతుంది. రెండో వైపు స్ప్రింగు మీద కాస్త కదిలి, వదిలితే వెనక్కి వస్తుంది. అలా కదిలే వైపే రోటర్ తిరిగే దిక్కు. స్పీడు పెరిగేకొద్దీ నిప్పురవ్వ పడే సమయాన్ని ముందుకు జరిపే అడ్వాన్స్ వెయిట్లు ఆ వైపే నెడతాయి కాబట్టి ఇలా జరుగుతుంది. అసలు కదలకపోయినా, కదిలి వెనక్కి రాకపోయినా లోపల అడ్వాన్స్ వెయిట్లు పట్టేశాయనో, స్ప్రింగు ఊడిందనో అర్థం. వైర్లు వేసేముందు అది బాగుచేయించాలి.

దిక్కు తప్పితే ఏమవుతుందో తెలిస్తే గుర్తుపట్టడం తేలిక. నాలుగు సిలిండర్ల ఇంజనుకు 1-3-4-2ను తిరగేసి వేశారనుకోండి. ఇంజనుకు అందేది 1-2-4-3. అంటే 1, 4 సరిగ్గా ఉంటాయి, 2, 3 తారుమారవుతాయి. బండి స్టార్టవుతుంది కూడా. రెండు సిలిండర్ల మీద వణుకుతూ, కార్బురేటర్‌లోంచో సైలెన్సర్‌లోంచో ఢబఢబలాడుతూ నడుస్తుంది. ఆరు సిలిండర్ల ఇంజనులో తిరగేస్తే 1, 6 మాత్రమే సరిగ్గా ఉంటాయి. 5కు 4ది, 3కు 2ది వెళ్లిపోతాయి. అది దగ్గుతుంది తప్ప పట్టుకోదు.

ఉన్న వైర్లు మార్చేటప్పుడు

బండి బాగా నడుస్తూ వైర్లు పాతబడినందుకే మారుస్తుంటే, అన్నీ ఒకేసారి పీకొద్దు. ఒక పాత వైరు తీసి, దాని స్థానంలో కొత్తది పెట్టి, రెండోదానికి వెళ్లాలి. తీసేముందు ఫోన్‌తో పైనుంచి ఒకటి, పక్కలనుంచి రెండు ఫోటోలు తీసుకోండి. ప్రతి వైరుకు రెండు కొసలా టేపు ముక్క చుట్టి నంబరు రాయండి.

నంబరు రాయడంలో సరిహద్దు జిల్లాల్లో ఒక జాగ్రత్త అవసరం. పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో వేసిన వైరును రేపు కోరాపుట్‌లో ఒడియా మేస్త్రీ విప్పొచ్చు. సిరోంచలో వేసినదాన్ని చంద్రపూర్‌లో మరాఠీ మేస్త్రీ విప్పొచ్చు. అందుకని తెలుగు, ఒడియా, మరాఠీ అంకెలేవీ కాకుండా 1, 2, 3 అని మామూలు అంకెలే రాయండి. క్యాప్ బొమ్మ గీసి, రోటర్ దిక్కుకు బాణం పెట్టి, ఫైరింగ్ ఆర్డర్ రాసి బానెట్ లోపలివైపు పెయింటుతో వేస్తే ఎవరి చేతికి వెళ్లినా బండి తప్పుదారి పట్టదు. ఎఫ్‌సీ ట్రక్కుకైతే సీట్ల మధ్య ఇంజన్ కవరు లోపలివైపు వేయాలి.

ప్లగ్గు మీదినుంచి పీకేటప్పుడు వైరు పట్టి లాగకూడదు. రబ్బరు బూటును పట్టుకుని సగం చుట్టు అటూ ఇటూ మెలితిప్పి తీయాలి. వైరు పట్టి లాగితే లోపలి కార్బన్ పోగు బూటులోనే తెగుతుంది. పైకి ఏమీ కనబడదు.

వైర్లన్నీ కలగలిసిపోయిన బండి చేతికొస్తే

వేలంలో కొన్న బళ్లు చాలావరకు ఇలాగే వస్తాయి. క్యాప్ మీద 1 అని అచ్చు ఉన్నా దాన్ని నమ్మొద్దు. ఎప్పుడో డిస్ట్రిబ్యూటర్ తీసి పెట్టినప్పుడు గేరు పన్ను మారి ఉంటే ఒకటో నంబరు టవర్ (క్యాప్ మీద వైరు దూర్చే గూడు) ఇంకెక్కడో ఉంటుంది. మొదటినుంచి కట్టుకు రావాలి.

1. ఒకటో ప్లగ్గు ఊడదీసి, రంధ్రం మీద బొటనవేలు గట్టిగా పెట్టి, ఇంకొకరితో హ్యాండిల్ మెల్లగా తిప్పించండి. గాలి వేలిని నెట్టేటప్పుడు పిస్టన్ కంప్రెషన్ మీద పైకి వస్తున్నట్టు.

2. అక్కడినుంచి ఇంకా మెల్లగా తిప్పి టైమింగ్ గుర్తు ఎదురెదురు పడేలా ఆపండి. గుర్తు కొన్ని ఇంజన్లకు ముందు పుల్లీ మీద, కొన్నింటికి ఫ్లైవీల్ మీద ఉంటుంది. హరికేన్‌కు టైమింగ్ టాప్ సెంటర్‌కు (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటుకు) 5 డిగ్రీలు ముందు.

3. క్యాప్ తీసి, రోటర్ కొస ఎటు చూస్తోందో డిస్ట్రిబ్యూటర్ బాడీ బయట సుద్దతో గీత గీయండి. ఆ సమయానికి, కాయిల్‌కు వెళ్లే కరెంటును తెంచే పాయింట్లు అప్పుడే విడిపోతూ ఉండాలి.

4. క్యాప్ పెట్టండి. గాడి ఒక్కచోటే కూర్చుంటుంది. సుద్ద గీతకు నేరుగా పైనున్న టవరే ఒకటో నంబరు.

5. అక్కడినుంచి రోటర్ తిరిగే దిక్కులోనే లెక్కపెడుతూ నాలుగు సిలిండర్లకు 3, 4, 2, ఆరు సిలిండర్లకు 5, 3, 6, 2, 4 పెట్టండి.

క్యాప్‌ను చేతిలో వెల్లకిలా పట్టుకుని లోపలివైపు చూస్తూ నంబర్లు రాసుకోకండి. లోపలినుంచి చూస్తే దిక్కు తిరగబడుతుంది. క్యాప్ దాని చోట కూర్చున్నాకే, పైనుంచి చూస్తూ రాయాలి.

ఇంత చేసినా ఇంజన్ పట్టుకోకుండా కార్బురేటర్‌లోంచి మంట కొడుతుంటే, మొదటి మెట్టులో కంప్రెషన్ బదులు ఎగ్జాస్ట్ చివర పిస్టన్ పైకొచ్చినప్పుడు ఆపారని అర్థం. డిస్ట్రిబ్యూటర్ విప్పక్కర్లేదు. అన్ని వైర్లనూ అర చుట్టు జరపండి. నాలుగు సిలిండర్లకు రెండు టవర్లు, ఆరుకు మూడు టవర్లు. అంటే 1 ఉన్నచోటికి నాలుగు సిలిండర్లలో 4, ఆరు సిలిండర్లలో 6 వస్తుంది.

వైరు ఎంపిక, కొలత

మీటరు లెక్కన అమ్మే 7 మిల్లీమీటర్ల హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజి) వైరు ఈ బళ్లకు సరిపోతుంది. అవతలి రాష్ట్రం కొట్లో అడిగేటప్పుడు భాషతో ఇబ్బంది పడకుండా పాత వైరు ముక్క ఒకటి వెంట పట్టుకెళ్లండి. రాగి తీగ వైరు, కార్బన్ పోగు వైరు, సిలికాన్ తొడుగు వైరు దొరుకుతాయి. పాయింట్లతో నడిచే ఇంజనుకు రాగి తీగ బాగా పనికొస్తుంది, ఏళ్లతరబడి ఉంటుంది. రేడియోలో బరబరలు మాత్రం వస్తాయి. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ పెట్టించుకున్న బండికి రాగి తీగ వేయకూడదు. దాని విద్యుత్ రొద ఆ కిట్ మాడ్యూల్‌ను తికమక పెడుతుంది, పాడు కూడా చేయొచ్చు. అక్కడ రెసిస్టెన్స్ ఉన్న వైరే వేయాలి. చంద్రపూర్ ఎండల్లో, ఎఫ్‌సీ ట్రక్కులా ఇంజన్ కవరు కింద వేడి నిలిచిపోయే బళ్లలో మామూలు ప్లాస్టిక్ తొడుగు మెత్తబడుతుంది. డబ్బు ఎక్కువైనా సిలికాన్ తొడుగుదే కొనాలి. ఖర్చు తగ్గించుకోవాలంటే ఇంకోచోట తగ్గించుకోవచ్చు, ఇక్కడ కాదు.

నాలుగు సిలిండర్లకు కాయిల్ వైరుతో కలిపి మూడు మీటర్లు, ఆరు సిలిండర్లకు ఐదు మీటర్లు కొంటే మామూలుగా సరిపోయి కాస్త మిగులుతుంది. కొలతను తిన్నగా తీయకండి. ఒక పురికొస తీసుకుని వైరు ఏ దారిన వెళ్లాలో ఆ దారి వెంబడే, క్లిప్పుల మీదుగా నడిపించి కొలవండి. రెండు కొసలా కలిపి నాలుగైదు సెంటీమీటర్లు అదనంగా ఉంచండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ రబ్బర్ల మీద ఒరుగుతుంది కాబట్టి, ఛాసిస్‌కో బాడీకో బిగించిన కాయిల్ నుంచి వచ్చే వైరు బిగుతుగా ఉంటే టవర్‌లోంచి కొద్దికొద్దిగా పైకి వచ్చేస్తుంది. అలాగని మరీ పొడవుగా వదిలితే సాగిలపడి మానిఫోల్డ్ మీద వాలుతుంది.

కొస బిగించడం నిదానంగా చేయాల్సిన పని. రాగి తీగకైతే తొడుగు ఒక సెంటీమీటరు ఒలిచి, పోగులన్నీ వెనక్కి మడిచి, ఇత్తడి టెర్మినల్‌ను వాటి మీద గట్టిగా నొక్కాలి. కార్బన్ వైరుకైతే లోపలి పోగును తెగకుండా బయటికి తీసి, తొడుగు మీదికి మడిచి, టెర్మినల్ దాన్ని తాకుతూ నొక్కుకునేలా చేయాలి. సూది స్క్రూతో గుచ్చి బిగించే పాత రకం క్యాప్‌లకు కార్బన్ వైరు పనికిరాదు. సూది పక్కకు పోతే పోగుకు తగలదు.

బిగించాక మల్టీమీటరుతో ప్రతి వైరునూ కొస నుంచి కొసకు చూడండి. రాగిది దాదాపు సున్నా చూపాలి. కార్బన్ వైరు సాధారణంగా మీటరు పొడవుకు 10 నుంచి 20 కిలో ఓమ్స్ చూపుతుంది. మీటరు పెట్టి ఉంచి వైరును వంచండి, కదపండి. అంకె ఎగిరెగిరి పడితే లోపల పోగు తెగినట్టే. అన్నింటిలో ఒకటి మాత్రం దాని పొడవుకు తగ్గట్టు కాకుండా రెట్టింపో మూడు రెట్లో చూపినా అది పనికిరాదు.

దారి వేయడం

ప్లగ్ వైర్లో పది వేల వోల్టుల పైన పరిగెడుతుంది. లోడు మీద, సిలిండర్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు ప్లగ్గు గ్యాప్ దాటడానికి ఇంకా ఎక్కువ కావాలి. అంత వోల్టేజికి ప్లగ్గు కన్నా సులువైన దారి ఇంకెక్కడైనా దొరికితే అటే వెళ్లిపోతుంది. చదునులో బాగుండి ఘాట్ మీద మిస్ అవడానికి కారణం ఇదే. ప్లగ్గు గ్యాప్ అరిగి పెద్దదైనా ఇదే జరుగుతుంది కాబట్టి వైర్లతో పాటు గ్యాప్ కూడా చూడండి. హరికేన్‌కు 0.75 మిల్లీమీటర్లు.

తొడుగు బాగున్నా రెండు వైర్లు ఒకదాన్నొకటి ఆనుకుని చాలా దూరం పక్కపక్కనే నడిస్తే, ఒకదానిలో వోల్టేజి ఎగిసినప్పుడు రెండోదానిలోకి కొంత దూకుతుంది. దీన్ని క్రాస్‌ఫైర్ అంటారు. ఏ రెండు వైర్ల మధ్యనైనా ఇది జరగొచ్చు, కానీ ఫైరింగ్ ఆర్డర్లో తర్వాత వచ్చేదానికే ప్రమాదం ఎక్కువ. ఎందుకంటే ముందు సిలిండర్ పేలే సమయానికి తర్వాతి సిలిండర్ పెట్రోలు గాలి నింపుకుని కంప్రెషన్ మొదట్లో ఉంటుంది. అక్కడ ఒత్తిడి తక్కువ కాబట్టి చిన్న కరెంటుకే అంటుకుంటుంది. పిస్టన్ పైకి వస్తుండగానే మంట దాన్ని కిందికి తోస్తుంది. కుదుపు, టక్‌మన్న దెబ్బ వస్తాయి. పట్టించుకోకుండా లోడు లాగిస్తూ పోతే పిస్టన్ దాకా వస్తుంది.

నాలుగు సిలిండర్ల ఇంజనులో ఆర్డర్ 1-3-4-2 కాబట్టి వెంటవెంటనే పేలేవి 3-4, ఆ తర్వాత 2-1. ఇవి ఇంజను మీద కూడా పక్కపక్క సిలిండర్లే. అందుకే వాటి వైర్లు సహజంగా జంటగా నడుస్తాయి. ఈ రెండు జంటలనూ విడదీయాలి. మూడో వైరు కింది గాడిలో వెళితే నాలుగోది పై గాడిలో వెళ్లాలి, లేదా మధ్యలో వేరే వైరు రావాలి. ఒకటి రెండింటికీ అంతే. ఆరు సిలిండర్లలో 1-5-3-6-2-4 ఆర్డర్ వల్ల వెంటవెంటనే పేలేవి ఇంజను మీద పక్కపక్కన పడవు. అయినా వెనక సిలిండర్లకు వెళ్లే 5, 6 వైర్లు చాలా దూరం ముందువాటితో కలిసి నడుస్తాయి. 1-5, 3-6, 6-2 జంటలు తగులుకోకుండా చూసుకోవాలి.

వైర్ల మధ్య ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి. ప్లాస్టిక్ సెపరేటర్ క్లిప్పులు కొట్లో దొరుకుతాయి. దొరక్కపోతే మందపాటి రబ్బరు షీటు ముక్కకు వరుసగా రంధ్రాలు కొట్టి అందులోంచి దూర్చినా చక్కగా పనిచేస్తుంది. జిప్ టైతో అన్నింటినీ కలిపి బిగించడం, నల్ల టేపుతో కట్ట చుట్టడం మానేయండి. రెండు వైర్లు దాటుకోక తప్పకపోతే అడ్డంగా, ప్లస్ గుర్తులా దాటించాలి.

కొన్ని పాత బళ్లకు ప్లగ్ వైర్లన్నీ వెళ్లే ఇనప గొట్టం ఉంటుంది. ఆ గొట్టం ఎర్త్. లోపల తొడుగు ఎక్కడ పగిలినా కరెంటు దానికే వెళ్తుంది, ఆ పైన వైర్లన్నీ లోపల ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి. గొట్టం తీసేసి క్లిప్పులు వేయడమే మంచిది. ఉంచి తీరాలంటే రెండు మూతుల దగ్గరా రబ్బరు గ్రోమెట్లు వేసి, సిలికాన్ వైరే దూర్చండి.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు కనీసం ఐదు సెంటీమీటర్ల దూరం ఉండాలి. ఫ్యాన్, ఫ్యాన్ బెల్టు, యాక్సిలరేటర్ రాడ్డు, డిప్‌స్టిక్ గొట్టం, బానెట్ మూసినప్పుడు కిందికొచ్చే రేకు, వీటిలో ఏదీ వైరుకు తగలకూడదు. బానెట్ మూసినప్పుడు తగులుతుందో లేదో తెలియాలంటే వైర్ల మీద అక్కడక్కడ తడి సుద్ద పూసి, బానెట్ మూసి తెరిచి, రేకుకు అంటిందేమో చూడండి. కాయిల్‌కు వచ్చే సన్న వైరు, టెంపరేచర్ వైరు, డైనమో వైరు ప్లగ్ వైర్లతో కలిపి కట్టొద్దు. కాయిల్ నుంచి క్యాప్ నడిబొడ్డుకు వచ్చే వైరుకు పని మిగతావాటికన్నా ఎక్కువ. అన్ని సిలిండర్ల కరెంటూ దానిలోంచే రావాలి. దాన్ని వీలైనంత పొట్టిగా, విడిగా ఉంచండి.

టవర్‌లోకి దూర్చేటప్పుడు ఇత్తడి కొస అడుగుకు తగిలేదాకా నొక్కాలి. బూటులో గాలి చిక్కుకుని వైరును పైకి తోస్తుంది, అందుకని బూటు అంచు కాస్త ఎత్తి గాలి పోనిచ్చి, నొక్కి, తర్వాత బూటు దించాలి. సగంలో ఆగిన వైరు కూడా పనిచేస్తుంది, కాకపోతే లోపల నిప్పులు కురుస్తూ కొన్ని వారాల్లో టవర్ అడుగున పచ్చటి, తెల్లటి పొడి పేరుకుని ఆ క్యాప్ పాడవుతుంది.

వాన, దుమ్ము, ఎలుకలు

కోరాపుట్, రాయగడ కొండల్లో వానాకాలం ఉదయం పూట మంచు పట్టినట్టు ఇంజనంతా చెమ్మగిల్లుతుంది. నీరు వైరు వెంట జారి బూటులోకి దిగకుండా, ప్లగ్గు చేరేముందు వైరు కాస్త కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా వేయండి. వంపు అడుగున చుక్క రాలిపోతుంది. ప్లగ్గులు పైకి చూసే ఇంజనులో ఇది పూర్తిగా కుదరదు, అక్కడ బూటు బిగువే దిక్కు. బూటు లోపల బియ్యపు గింజంత సిలికాన్ గ్రీజు రాస్తే తడి లోపలికి పోదు, బూటు పింగాణీకి అతుక్కోదు. మామూలు వీల్ గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది.

తడి రాకూడదని డిస్ట్రిబ్యూటర్ మొత్తాన్ని ఎంసీల్‌తో మూసేయకండి. లోపల నిప్పురవ్వల వల్ల ఓజోన్ పుడుతుంది. అది బయటికి పోవడానికే గాలి రంధ్రం పెట్టారు. మూసేస్తే ఇత్తడి, పాయింట్లు తుప్పు పడతాయి.

బల్లార్షా, రాజురా, వణి వైపు బొగ్గు దుమ్ముతో సమస్య వేరు. ఇంజన్ ఆయిలుతో కలిసిన బొగ్గు దుమ్ము పొర వైరు మీదా, ప్లగ్గు పింగాణీ మీదా పేరుకుంటే దాని మీదుగా కరెంటు ఎర్త్‌కు పాకుతుంది. ఇంజన్ చల్లారాక, బ్యాటరీ వైరు తీసి, కొద్దిగా పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. కిరసనాయిలు జిడ్డు వదిలి మళ్లీ దుమ్మును పట్టిస్తుంది. క్యాప్ లోపల పెన్సిలుతో గీసినట్టు, కొమ్మలు వేసిన నల్ల గీత కనబడితే తుడిచి లాభం లేదు. అది కాలిన దారి, క్యాప్ మార్చాల్సిందే. నడిమి కార్బన్ బొడిపె స్ప్రింగు మీద ఆడుతోందో లేదో అప్పుడే చూసుకోండి.

ధాన్యం కోతల తర్వాత కొట్టం పక్కన నిలిపిన బండిలో ఎలుకలు చేరతాయి. వైరు అడుగువైపు కొరుకుతాయి కాబట్టి పైనుంచి చూస్తే తెలియదు. నెలల తరబడి నిలిపిన బండి తీసేముందు ప్రతి వైరు కిందా వేలు పెట్టి తడమండి.

పరీక్ష

చీకటి పడ్డాక, ఇంజన్ నడుస్తుండగా, లైట్లు ఆపి బానెట్ ఎత్తి చూడండి. లీకున్నచోట నీలి మెరుపు, చిటచిట శబ్దం ఉంటాయి. తర్వాత చేత్తో పిచికారీ చేసే సీసాతో నీళ్లు మంచులా కొట్టి మళ్లీ చూడండి. పొడిగా ఉన్నప్పుడు దాక్కున్న లీకు తడిలో బయటపడుతుంది. వైర్ల మీదే కొట్టాలి, కార్బురేటర్ మీద కాదు. ఈ పనికి ముందు పెట్రోలు పైపు ఎక్కడా కారడం లేదని చూసుకోవాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు నడిచే ఇంజన్ మీద వంగకూడదు.

ఏ సిలిండర్ మిస్ అవుతోందో తెలుసుకోవడానికి వైరు పీకి గాల్లో వదిలేయడం అందరూ చేసే పని, కానీ తప్పు. కరెంటుకు దారి దొరక్క కాయిల్‌లోనో రోటర్‌లోనో చిల్లు పొడుస్తుంది. ఇంజన్ ఆపి, ఆ వైరుకు పాత ప్లగ్గు ఒకటి తగిలించి, ప్లగ్గు బాడీని ఇంజనుకు గట్టిగా ఎర్త్ చేసి, అప్పుడు స్టార్ట్ చేయండి. ఇంజన్ శబ్దం మారకపోతే పనిచేయనిది ఆ సిలిండరే. శబ్దం పడిపోతే అది బాగున్నట్టు, తర్వాతిదానికి వెళ్లండి. ఏ సిలిండరో తేలాక దాని వైరును పక్క వైరుతో మార్చుకుని చూస్తే, లోపం వైరుతో పాటు జరిగిందో, సిలిండర్‌లోనే ఉండిపోయిందో తెలుస్తుంది. పొడవు సరిపోయే రెండు వైర్లను మాత్రమే, టవర్ దగ్గర, ప్లగ్గు దగ్గర రెండు కొసలూ మార్చాలి. ఒక కొస మాత్రమే మారిస్తే ఫైరింగ్ ఆర్డర్ చెడుతుంది.

ఉదయం మిస్ అయి, వేడెక్కాక సర్దుకుంటే తడి లేదా క్యాప్. వేడెక్కాక మొదలైతే మానిఫోల్డ్ దగ్గర మెత్తబడిన తొడుగు, లేదా కాయిల్, కండెన్సర్. ఘాట్ మీద మాత్రమే అయితే వైర్ల దారి, ప్లగ్గు గ్యాప్. ఘాట్ మీద కుదుపుతో పాటు టక్‌మన్న దెబ్బ కూడా ఉంటే ముందుగా 3-4, 2-1 జంటలు చూడండి. అన్ని స్పీడుల్లోనూ ఒకే లయలో మిస్ అవుతుంటే ఒక వైరు తెగింది లేదా ఒక ప్లగ్గు చచ్చింది.

బండిలో ఎప్పుడూ ఒక స్పేర్ వైరు ఉంచుకోండి. అన్నింటిలోకీ పొడవైన, ఆఖరి సిలిండర్‌కు సరిపోయే వైరు, రెండు కొసలూ బిగించి, మీటరు పెట్టి చూసి, చుట్టచుట్టి టూల్ బాక్సులో వేస్తే ఏ సిలిండర్‌కైనా పనికొస్తుంది. దాంతోపాటు ఒక క్యాప్, ఒక రోటర్, రెండు సెపరేటర్ క్లిప్పులు. పొడవు వైరును దగ్గరి సిలిండర్‌కు వేయాల్సివస్తే మిగిలిన పొడవును చుట్టలు చుట్టకుండా, మానిఫోల్డ్‌కు దూరంగా పెద్ద వంపుగా వదిలి ఒక క్లిప్పుతో నిలపండి. ఊరు చేరాక సరైన కొలతది వేసుకోవచ్చు.